బీఎస్సీ ఫీజు పక్కనే రాబడి వివరాలూ చూపాలి

సంపాదకులకు,

ఇంటర్‌లో బైపీసీ చదివి, నీట్‌లో సీటు రాక, మరో ఏడాది లాంగ్‌టర్మ్ శిక్షణ తీసుకున్నా ఫలితం లేక, చివరికి బీఎస్సీ జీవశాస్త్రాలవైపు మళ్లే విద్యార్థులు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏటా వేలల్లో ఉంటారు. అప్పుడు తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న ఫీజు ఎంత అన్నదే. రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందని తెలియగానే ఇంట్లో లెక్క అక్కడితో ముగిసిపోతుంది. ఈ చదువులో ఫీజు చిన్న పద్దు మాత్రమేననీ, పెద్ద ఖర్చంతా ఏళ్ల రూపంలో పడుతుందనీ జంతుశాస్త్రం బోధించి విరమణ పొందిన అధ్యాపకుడిగా నా అభిప్రాయం.

బీఎస్సీ మూడేళ్లు. ఉపాధ్యాయ వృత్తికి వెళ్లాలంటే, 2015 నుంచి రెండేళ్లకు పెంచిన బీఈడీ. లెక్చరర్ కావాలంటే ఎమ్మెస్సీకి మరో రెండేళ్లు. తెలంగాణలో 2020 వేతన సవరణ ప్రకారం స్కూల్ అసిస్టెంట్ మూలవేతనం రూ.42,300తోనూ, జూనియర్ లెక్చరర్ మూలవేతనం రూ.54,220తోనూ మొదలవుతుంది కనుక, ఐదేళ్ల చదువుకు ఇది మంచి రాబడే అనిపిస్తుంది. అయితే ఆ ఉద్యోగం ఎప్పుడు వస్తుందన్నది కూడా లెక్కలో చేరాలి కదా. తెలంగాణలో 2017 నాటి టీఆర్‌టీ (ఉపాధ్యాయ నియామక పరీక్ష) తర్వాత నియామకాలు పూర్తయిన డీఎస్సీ 2024లోనే వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2018 డీఎస్సీ తర్వాత మెగా డీఎస్సీ కోసం 2025 దాకా ఎదురుచూడవలసి వచ్చింది. తెలంగాణ 2024 డీఎస్సీలోని 11,062 పోస్టుల్లో స్కూల్ అసిస్టెంట్లవి అన్ని సబ్జెక్టులకూ కలిపి 2,629 మాత్రమే, వాటిలో జీవశాస్త్రానికి దక్కేది ఒక భాగమే. ఈ ఎదురుచూపుల కాలంలో ప్రైవేటు బడిలో చాలీచాలని జీతానికి పనిచేస్తూనో, కోచింగ్ కోసం నగరంలో హాస్టల్ అద్దె కడుతూనో గడిపిన సంవత్సరాలు ఏ ఇంటి ఖర్చుల పుస్తకంలోనూ డిగ్రీ పద్దు కింద కనిపించవు.

పరిశోధన మార్గం ఎంచుకున్నవారికి సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ పరిశోధక భృతి) సాధిస్తే 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లూ నెలకు రూ.37,000, ఆపైన ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ పరిశోధక భృతి)గా రూ.42,000, ఇంటి అద్దె భత్యం అదనం. చదువుతూనే ఇంటికి నాలుగు రూపాయలు పంపగల స్థితి అది. కానీ లైఫ్ సైన్సెస్ ప్రశ్నపత్రం అణుజీవశాస్త్రం నుంచి పర్యావరణశాస్త్రం దాకా అన్నింటినీ ఒకేచోట అడుగుతుంది. రికార్డు పుస్తకంలో బొమ్మలు గీయడమే ప్రాక్టికల్స్‌గా చెల్లుబాటయ్యే కళాశాలల నుంచి వచ్చిన పిల్లలు అక్కడ తట్టుకోవడం కష్టమని అనుభవం మీద చెబుతున్నాను.

బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ పేర్లకున్న ఆకర్షణ గురించి కూడా ఒక మాట చెప్పాలి. హైదరాబాద్ శివార్లలో ఔషధ, బయోటెక్ సంస్థలున్న జీనోమ్ వ్యాలీని చూపించి సీట్లు నింపుకునే కళాశాలలు, ఆ సంస్థల్లో పరిశోధన ఉద్యోగాలకు ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేసినవారినే ఎక్కువగా తీసుకుంటారనీ, బీఎస్సీతో ఆగినవారికి చాలావరకు ఉత్పత్తి, నాణ్యత పరీక్షల విభాగాల్లో షిఫ్టు పనులే దొరుకుతాయనీ ప్రవేశాల వేళ చెప్పవు. మరోవైపు బైపీసీలో బోధించేది ఈనాటికీ వృక్షశాస్త్రం, జంతుశాస్త్రమే కాబట్టి, పాతబడిపోయిందని అందరూ చిన్నచూపు చూసే బీజడ్‌సీకి (వృక్ష, జంతు, రసాయన శాస్త్రాలు కలిసిన బీఎస్సీకి) బోధనరంగంలో ఉన్న నిలకడ ఈ కొత్త కోర్సులకు లేదు. ఉపాధ్యాయ వృత్తే లక్ష్యమైతే, డిగ్రీ, బీఈడీ కలిసిన నాలుగేళ్ల సమీకృత కోర్సు ఒక సంవత్సరాన్ని ఆదా చేస్తుంది. దాని గురించి తెలిసిన తల్లిదండ్రులు నాకు తారసపడింది తక్కువ.

ఇక రీయింబర్స్‌మెంట్ ఉంది కాబట్టి చదువు ఉచితమనుకోవడం కూడా పొరపాటే. ప్రభుత్వ బకాయిలు పేరుకుపోయినప్పుడు కొన్ని యాజమాన్యాలు ఫీజు కడితేనే టీసీ, మార్కుల మెమోలు ఇస్తామంటున్నాయి. ఎమ్మెస్సీలో చేరడానికో, దొరికిన చిన్న ఉద్యోగంలో చేరడానికో ఆ కాగితాలు కావలసిన రోజునే కుటుంబం వడ్డీకి అప్పు తెచ్చి విడిపించుకోవలసి వస్తోంది.

జీవశాస్త్రం చదవవద్దని నేను ఎవరికీ చెప్పడం లేదు. చదువులోకి దిగేవారికి ముందున్న లెక్క తెలియాలని మాత్రమే కోరుతున్నాను. దీనికి కొత్త సర్వేలేవీ అక్కర్లేదు. కేంద్రం ఏటా విద్యాసంస్థలకు ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల కోసం దరఖాస్తు చేసే కళాశాలలు ఎంతమంది ఉద్యోగాల్లో చేరారో, వారి మధ్యస్థ జీతం ఎంతో, ఎంతమంది పై చదువులకు వెళ్లారో ఇప్పటికే ఏటా తెలియజేస్తున్నాయి. కళాశాలల నాణ్యతను మదింపు చేసే న్యాక్ గుర్తింపుకోసం కూడా ఇటువంటి వివరాలే సమర్పిస్తున్నాయి. అయితే ఎన్ఐఆర్ఎఫ్ వివరాల్లో మూడేళ్ల డిగ్రీలన్నీ ఒకే పద్దు కింద ఉండటంవల్ల బీకాం విద్యార్థి జీతం, బీజడ్‌సీ విద్యార్థి జీతం కలిసిపోతున్నాయి. తెలంగాణ ఉన్నత విద్యామండలి తన డిగ్రీ ప్రవేశాల దోస్త్ వెబ్‌సైట్‌లోనూ, ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండలి తన ఆన్‌లైన్ ప్రవేశాల వెబ్‌సైట్‌లోనూ ఈ సమాచారాన్ని కోర్సులవారీగా విడదీసి, వచ్చే విద్యా సంవత్సరం వెబ్ ఆప్షన్లు మొదలయ్యేలోగా ఫీజు వివరాల పక్కనే ఉంచాలని, వివరాలివ్వని కళాశాలల పేరు ఎదుట ఆ సంగతినే రాయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
హనుమకొండ