రూఫ్ ర్యాక్ పెట్టించేవాళ్ళు ఒకసారి ఇది చదవండి

అందరికీ నమస్తే, వానలు మొదలయ్యేలోపు చాలామంది కారు టాప్ మీద సామాన్లు పెట్టుకునే ర్యాక్ బిగించుకుంటున్నారు కాబట్టి చెప్తున్నా. పోయినేడు నా బండికి షాపులో టాప్‌కి హోల్స్ కొట్టి బోల్టులు బిగించి పైన సిలికాన్ పూసేశారు, మొదటి పెద్ద వానకే లోపల రూఫ్ లైనింగ్ మీద అరచేయంత గోధుమరంగు మరక, ఊడదీసి చూస్తే హోల్ అంచు చుట్టూ అప్పటికే తుప్పు. బాధేసింది.

డ్రిల్ చేశాక ఇనప రజను మొత్తం ఊడ్చేయాలి, లేకపోతే అదే పెయింట్ మీద తుప్పు మచ్చలవుతుంది, తర్వాత హోల్ అంచుని సాఫ్ చేసి ప్రైమర్, పెయింట్ వేసి ఆరనివ్వాలి. సీలెంట్ (నీళ్ళు దిగకుండా సందులు మూసే జిగురు) పైన పూస్తే లాభం లేదు, బ్రాకెట్ కిందా బోల్టు మరల మీదా పెట్టాలి. వెనిగర్ వాసనొచ్చే సిలికాన్ మాత్రం వద్దండీ, అది ఇనుముని తినేస్తది, పాలీయురేథేన్ సీలెంట్ అడగండి. రివ్‌నట్ (రేకు హోల్‌లో బిగించే, లోపల మర ఉన్న గొట్టం లాంటి నట్) వేస్తే దాని మర సందుల్లోంచి కూడా నీళ్ళు దిగుతాయి, అక్కడా పెట్టించండి.

లైనింగ్ మళ్ళీ ఎక్కించే ముందు, సీలెంట్ పూర్తిగా ఆరాక, పైపుతో ఓ పావుగంట నీళ్ళు కొట్టి లోపల టార్చ్ వేసి ప్రతి బోల్టూ వేలితో తడిమి చూడండి. టాప్ అంచుల వెంట వాన గట్టర్ (నీళ్ళు పోయే కాలవ) ఉన్న బండైతే అసలు హోల్స్ వద్దు, ఆ గట్టర్‌కే పట్టించి బిగించే క్లాంప్ ర్యాక్ చాలు.