హాస్టల్ గది: అడ్వాన్సుకు ముందు కుళాయి చూడండి

సంపాదకుల వారికి,

కాకినాడ జేఎన్‌టీయూ చుట్టుపక్కల, భీమవరం కాలేజీల దగ్గర విద్యార్థుల కోసమే కట్టిన ప్రైవేటు హాస్టళ్లు పెరిగాయి. రంగుల బ్రోచర్లు, వైఫై సరే, ముందు బాత్రూం కుళాయి మూతి చూడండి. తెల్లగా గార కట్టి ఉంటే బోరు నీళ్లే దిక్కు. గీజరు రాడ్డు తరచూ కాలిపోతుంది, బట్టలు నురగ పట్టవు. తాగే నీటిలో కరిగిన లవణాలను టీడీఎస్ మీటరుతో కొలవండి: లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకుంటే మంచిది. ఆర్వో మిషను ఉన్నంత మాత్రాన సరిపోదు, ఫిల్టరు మార్చిన తేదీ అడగాలి.

కింది అంతస్తు గది వేసవిలో చూసి మోసపోవద్దు. మంచం వెనక గోడ అడుగున సున్నం పొట్టు రాలుతుంటే అక్టోబరు వానలకు పరుపు బూజు పడుతుంది. మంటలు రేగితే బయటపడే రెండో మెట్లదారికి తాళం ఉంటే ఆ భవనం వద్దే వద్దు.

ఏసీ గదికి విడిగా కరెంటు సబ్‌మీటరు ఉంటే చేరినరోజే రీడింగు ఫొటో తీయండి. అడ్వాన్సులో ఎంత కోస్తారో రసీదుపైనే రాయించండి. జీఎస్టీ అంటే ఒప్పుకోకండి: నెలకు మనిషికి 20,000 రూపాయల లోపు అద్దెతో వరుసగా కనీసం 90 రోజుల వసతికి 2024 జులై 15 నుంచి మినహాయింపు ఉంది.

– ఒక పాఠకుడు, కాకినాడ