వెబ్‌సైట్‌కు తొడుగేసి యాప్ అని ఇచ్చారు: ఫిర్యాదు

ప్రాజెక్ట్ మేనేజర్ గారికి,

విషయం: కొటేషన్‌లో రాసినట్టు మా ట్రావెల్స్ యాప్ చేసి ఇవ్వకపోవడం గురించి.

అయ్యా,

తిరుపతిలో మాది ట్యాక్సీల వ్యాపారం. రేణిగుంట ఎయిర్‌పోర్టు నుంచి కొండకు, కాణిపాకానికి, శ్రీకాళహస్తికి బండ్లు తిప్పుతాం. బుకింగ్‌ల కోసం వెబ్‌సైట్, ఆండ్రాయిడ్, ఐఫోన్ యాప్‌లు మీకు అప్పగించాం. యాప్‌లు రియాక్ట్ నేటివ్ అనే యాప్‌ల తయారీ సాధనంలో చేస్తామని, ఒకే కోడ్ రెండు రకాల ఫోన్లకూ సరిపోతుందని కొటేషన్‌లో రాశారు. రెండు వాయిదాలు కట్టించుకున్నారు. ఇచ్చింది మాత్రం అది కాదు.

ఘాట్ రోడ్డులో అక్కడక్కడా సిగ్నల్ ఉండదని మొదటి మీటింగ్‌లోనే చెప్పాం, మీరు నోట్ చేసుకున్నారు కూడా. ఇప్పుడు సిగ్నల్ లేని చోట డ్రైవర్ ట్రిప్ తెరిస్తే "వెబ్‌పేజీ అందుబాటులో లేదు" అని వస్తోంది, దాని కింద మీ సర్వర్ అడ్రసు. యాత్రికుల పేరు, ఫోన్ నంబరు, దిగాల్సిన కాటేజీ ఏదీ కనబడదు. మళ్లీ అడిగితే వెనక సీట్లో పెద్దావిడ "ఇందాకే చెప్పాను కదా నాయనా" అని విసుక్కుంటుంది. బ్యాక్ నొక్కితే యాప్ మొత్తం మూసుకుపోతోంది. బుక్ బటన్‌కు వేలు రెండుసార్లు తగిలితే రెండు బుకింగ్‌లు పడుతున్నాయి. ఒకే కుటుంబం కోసం రెండు బండ్లు ఎయిర్‌పోర్టు ముందు నిలబడితే ఆ డీజిల్ ఖర్చు ఎవరిది?

ఫోన్ చేస్తే మీ డెవలపర్ "క్రాస్ ప్లాట్‌ఫామ్ (ఒకే కోడ్‌తో రెండు రకాల ఫోన్లకూ చేయడం) అంటే ఇంతే సార్, బాగా కావాలంటే వేరే కొటేషన్" అన్నాడు. ఈ మాటే మింగుడుపడలేదు. మా అక్క కొడుకు బెంగళూరులో ఇదే పని చేస్తాడు. వాడు ఫోన్‌లో డెవలపర్ ఆప్షన్స్‌కు వెళ్లి తెర మీది ఒక్కో భాగం చుట్టూ గీతలు గీసే లేఅవుట్ బౌండ్స్ ఆన్ చేసి చూపించాడు. రియాక్ట్ నేటివ్‌లో రాసేది జావాస్క్రిప్టే అయినా తెర మీదికి వచ్చేవి ఫోన్ సొంత బటన్లు, పెట్టెలు. అందుకని ఒక్కోదాని చుట్టూ విడిగా గీతలు పడతాయి. మీ యాప్‌లో తెరంతా కలిపి ఒకటే డబ్బా. లోపల ఉన్నది వెబ్‌వ్యూ, అంటే యాప్‌లో వెబ్‌పేజీని చూపించే కిటికీ, అందులో మా వెబ్‌సైటే.

వెబ్‌వ్యూ వాడటమే తప్పని అనడం లేదు. అయోనిక్, కెపాసిటర్ లాంటి యాప్‌ల తయారీ ఫ్రేమ్‌వర్క్‌లు దాని మీదే నడుస్తాయి. కానీ వాటితో పేజీలను యాప్‌లోనే పెట్టొచ్చు, ట్రిప్ వివరాలు ఫోన్‌లో దాచొచ్చు, బ్యాక్ నొక్కితే ఏం జరగాలో రాయొచ్చు. మీరు చేయని పనిని ఫ్రేమ్‌వర్క్ మీదికి నెట్టకండి. ఐఫోన్ యాప్‌ను యాపిల్ వాళ్లు ఒప్పుకోకుండా తిప్పి పంపినప్పుడు "యాపిల్ వాళ్లు స్ట్రిక్ట్ సార్" అన్నారు. మీరే పంపిన మెయిల్‌లో 4.2 నిబంధన అని ఉంది. వెబ్‌సైట్‌ను చుట్టి పంపితే చాలదని చెప్పేది ఆ నిబంధనే!

ఇంకొకటి. ప్లే స్టోర్‌లో మా యాప్ మీ అకౌంట్ కింద ఉంది. 2025 ఆగస్టు 31 నుంచి అప్‌డేట్ పెట్టాలంటే యాప్ కనీసం ఆండ్రాయిడ్ 15ను టార్గెట్ చేయాలని, అంటే ఆ వెర్షన్‌కు తగ్గట్టు తయారై ఉండాలని గూగుల్ రూలు పెట్టింది. ఇలాంటివి వస్తూనే ఉంటాయి, ప్రతిసారీ మీ ఫోన్ కోసం కాచుక్కూర్చోలేం.

15 రోజుల్లో కొటేషన్ ప్రకారం యాప్‌లు చేసి ఇవ్వండి, లేదా యాప్‌లకు తీసుకున్న డబ్బు వాపసు చేయండి. చేసి ఇచ్చేటట్టయితే సోర్స్ కోడ్, అప్‌లోడ్ కీ (ప్లే స్టోర్‌కు అప్‌డేట్ పంపేటప్పుడు సంతకంలా వాడే ఫైలు), దాని పాస్‌వర్డ్ కూడా ఇచ్చి, ప్లే స్టోర్ యాప్‌ను మా అకౌంట్‌కు మార్చండి. వెబ్‌సైట్ బాగానే ఉంది, దాని మీద పేచీ లేదు. మూడో వాయిదా అప్పటిదాకా ఆగుతుంది. జవాబు ఫోన్‌లో వద్దు, మెయిల్‌లో రాయండి.

ఇట్లు,
ట్రావెల్స్ యజమాని,
తిరుపతి