సీసా మీద అంకె

అమలాపురం

ఒరేయ్ సత్తిబాబూ,

డీ-ఫార్మసీ సీటు వచ్చేలోపు పాలకొల్లులో మెడికల్ షాపులో పని నేర్చుకుంటానన్నావుగా, కానివ్వు. చీటీ మందులు మాత్రం ఫార్మసిస్టు గారు చూశాకే చేతికియ్యి. పేర్లు బట్టీ పట్టకు, అవే వస్తాయి. ముందు అంకెలు చదవడం నేర్చుకో.

పిల్లల పారాసెటమాలే తీసుకో. విడతకి కిలోకి 10 నుంచి 15 ఎంజీ, మధ్యలో నాలుగు గంటలైనా ఎడం, రోజుకి నాలుగు విడతలు దాటకూడదు. పది కిలోల పిల్లాడికి 150 ఎంజీ అనుకో. 5 ఎంఎల్‌కి 125 ఎంజీ ఉండే సిరప్ అయితే 6 ఎంఎల్ పట్టాలి, 250ది అయితే 3. డ్రాప్స్‌లో ఒక్క ఎంఎల్‌లోనే 100 ఎంజీ ఉంటుంది, ఒకటిన్నర చాలు. సిరప్ లేదని డ్రాప్స్ ఇచ్చి "ఎప్పట్లాగే పట్టండమ్మా" అన్నావో, ఆ తల్లి 6 ఎంఎల్ పట్టేస్తుంది. అంటే 600 ఎంజీ, నాలుగింతలు! ఇలాంటివే లివర్‌ని దెబ్బకొడతాయి. ఇంట్లో చెంచా కూడా వద్దను, ఒక్కో ఇంటి చెంచా ఒక్కో సైజు.

ఇన్సులిన్ ఇంకా మోసం. వయల్ (మందు సీసా) మీద ఎంఎల్‌కి 40 యూనిట్లని ఉంటే ఎర్రమూత సిరంజి, 100 అని ఉంటే నారింజమూతది. 100 వయల్‌లోంచి ఎర్రమూతతో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 50 యూనిట్లు. షుగర్ పడిపోయి మనిషి తెలివి తప్పుతాడు. అటుదిటై, 40 వయల్‌లోంచి నారింజమూతతో లాగితే 20కి బదులు 8 యూనిట్లే వెళ్తాయి. షుగర్ దిగదు, సంగతి తెలియని డాక్టరుగారు మోతాదు పెంచుతారు. అందుకే సిరంజి ఒక్కటే అడిగినా "ఏ ఇన్సులినండీ?" అని అడుగు. ఇన్సులిన్‌ని 2 నుంచి 8 డిగ్రీల్లో ఉంచాలి. గడ్డకడితే కరిగించి అమ్మడం కాదు, పారెయ్యడమే. తుఫానుకి కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్ తలుపు ఊరికే తియ్యకు.

డ్రై సిరప్‌కి, అంటే సీసాలో పొడిగా వచ్చేదానికి, కాచి చల్లార్చిన నీళ్లు. సీసా తట్టి పొడి వదులు చేసి, సగం పోసి బాగా గిలక్కొట్టి, అప్పుడు గీత దాకా పొయ్యి. ఒకేసారి నింపితే పొడి అడుగున ఉండకట్టి, మొదటి చెంచాలు పల్చగా, చివరివి చిక్కగా వస్తాయి.

చీటీలో మెథోట్రెక్సేట్ కనపడితే ఆగు. కీళ్లవాతానికి అది వారానికి ఒక్కరోజే. రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. "వారం" అన్న మాట లేకపోతే డాక్టరుగారికి ఫోన్ చేయించు.

సెఫిక్సిమ్ అనే యాంటీబయోటిక్ లాంటి హెచ్1 మందులకి, అంటే చీటీ ఉంటేనే ఇచ్చి లెక్క రాయాల్సిన జాబితాలోవాటికి, వేరే రిజిస్టరు ఉంటుంది. రాసిన డాక్టరు, రోగి, మందు, ఎంత ఇచ్చారో అందులో ఎక్కించి మూడేళ్లు దాచాలి. మనవైపు రొయ్యల చెరువుకని యాంటీబయోటిక్ అడిగేవాళ్లుంటారు, మొహమాటపడి ఇచ్చెయ్యకు.

సరే, 12 కిలోల పిల్ల, 250 పారాసెటమాల్ సిరప్, కిలోకి 15 ఎంజీ. ఎన్ని ఎంఎల్లో కట్టి రాయి.

నీ
బుజ్జి