స్కానర్ తీసేశాను, మళ్ళీ టేపుతోనే కొలతలు

ద్వారకానగర్‌లోని మా షాపుకి వచ్చే అమ్మలకు, అక్కలకు, చెల్లెళ్ళకు నమస్కారం.

జాకెట్ల కొలతల కోసం పెట్టిన బాడీ స్కానర్‌ను తీయించేశాను. "ఆ షాపు ట్రయల్ రూమ్‌లో కెమెరాలున్నాయట" అని బయట ఒక మాట తిరుగుతోంది. అది నా చెవిన పడ్డ రోజు అన్నం సయించలేదు. మా ట్రయల్ రూముల్లో కెమెరా ఏనాడూ లేదు. స్కానర్ ఉన్నది కౌంటర్ పక్కన విడిగా కట్టిన బూత్‌లో. అనుమానం ఉన్నవాళ్ళు వచ్చి ప్రతి గదీ, ప్రతి అద్దం వెనకా చూసుకోవచ్చు.

కడుపుతో ఉన్న ఒక చెల్లి రేడియేషన్ గురించి అడిగింది. మా మెషీన్‌లో ఎక్స్‌రే లేదు. ఫోన్ మన మొహం చూసి లాక్ తీయడానికి వాడే ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు లాంటిదే ఒంటి మీద పడుతుంది, దాన్ని బట్టి కెమెరాలు ఆకారం గీస్తాయి. అమెరికా ఎయిర్‌పోర్టుల్లో 2013లో తీసేసిన ఎక్స్‌రే స్కానర్లు వేరే రకం. ఆ విషయంలో టెన్షన్ పడకండి.

గొడవంతా ఆ ఆకారం ఎక్కడికి పోతోందన్న దగ్గరే. స్కాన్‌కి చీర పనికిరాదు. ఒంటికి అతుక్కునే బట్టలేసుకుని, చేతులు ఎడంగా పెట్టి నిలబడాలి. భుజం ఇంత, నడుము ఇంత అనే అంకెలతో పాటు మనిషి ఒళ్ళంతా బొమ్మగా తెర మీదికొస్తుంది. అటూ ఇటూ తిప్పి చూడొచ్చు. మొహం చెరిపేసినా పక్కనే పేరు, ఫోన్ నంబరు ఉంటాయి. కొలతలు రాగానే ఆ బొమ్మ చెరిగిపోతుందని చెప్పి సప్లయర్ మెషీన్ అమ్మాడు.

సీతమ్మధార నుంచి వచ్చే ఒక పిన్నిగారు "నా బొమ్మ ఇప్పుడు ఎవరి దగ్గరుందమ్మా?" అన్నారు. కంపెనీకి ఫోన్ చేస్తే ఒకరు సర్వర్‌లో ఉందన్నారు, ఇంకొకరు లేదన్నారు. రాసివ్వమని పట్టుబడితే అప్పుడు బయటపడింది. బొమ్మలన్నీ దాస్తున్నారు, సాఫ్ట్‌వేర్‌కి నేర్పించడానికి వాడుకుంటున్నారు. మా అగ్రిమెంట్‌లో ఆ మాటే లేదు. 2023 డేటా రక్షణ చట్టం సంగతి ఎత్తితే, "రూల్స్ 2025 నవంబరులోనే కదా వచ్చాయి, పూర్తి అమలుకి గడువుంది మేడమ్" అన్నాడు వాళ్ళ మనిషి. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పిందన్నాను. ఆ చట్టంలో డేటాని వేరే కంపెనీ చూసుకున్నా జవాబుదారీ షాపుదే. 18 ఏళ్ళు నిండని పిల్లలకైతే అమ్మానాన్నల అనుమతి ఉండాలి. లంగా ఓణీలకు కొలతలిచ్చే స్కూలు పిల్లలు మా దగ్గర ఎంతమందో మీకు తెలుసు.

అయినా తీసెయ్యడం తేలిక కాలేదు. స్కాన్ వచ్చాక చంక దగ్గర ముడతలు తగ్గాయని మా కటింగ్ మాస్టరే అన్నాడు. ఇంట్లో మెషీన్‌కి కట్టాల్సిన వాయిదాలు గుర్తు చేశారు. పెళ్ళిళ్ళ సీజన్ ముందుంది. నెట్ తీసేసి వాడదామంటే లాగిన్ లేకుండా అది తెరుచుకోదు. నిద్ర పట్టక ఇటూ అటూ లెక్కలు వేసుకున్నాను. ఒళ్ళు కొలవనిచ్చేది నా మీద నమ్మకంతో, ఆ నమ్మకాన్ని ఊరూపేరూ తెలియని సర్వర్‌కి అప్పగించలేను. కట్టిన డబ్బు తిరిగి రాదన్నారు. రాకపోనీ.

"చెరిపేశాం" అని మెయిల్ పెట్టారు గానీ బ్యాకప్ కాపీల ఊసు అందులో లేదు. అదీ రాసిచ్చేదాకా మిగతా బాకీ కట్టను, ఎన్ని నోటీసులు పంపినా సరే. స్కాన్ చేయించుకున్నవాళ్ళు వస్తే ఆ మెయిళ్ళన్నీ చూపిస్తాను. మీ పేరు మీద విడిగా లెటర్ కావాలంటే నేనే రాయిస్తాను.

ఇక నుంచి కొలతలు టేపుతో ఆడవాళ్ళే తీస్తారు, పుస్తకంలో అంకెలే ఉంటాయి. ఆది జాకెట్టు ఉంటే తెచ్చుకోండి. ఇంకా కటింగ్ కాని ఆర్డర్లకు మాత్రం మళ్ళీ ఒకసారి రావాలి, ఆటో ఖర్చు బిల్లులో తగ్గిస్తాను. గాజువాక వైపు నుంచి వచ్చేవాళ్ళు ముందు ఫోన్ చేస్తే ఆదివారం కూడా షాపు తెరుస్తాను. మగ్గం వర్క్ జాకెట్లు ఒక వారం లేటవుతాయి. ఫాల్, పికో మామూలుగానే ఇస్తాం.