2024–25 వార్షిక నివేదిక: మన కాలనీ సంక్షేమ సంఘం, నల్లగొండ

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

మోరీలు, వీధి దీపాలు, కోతుల బెడద సంగతి మీకు తెలిసిందే. ఎక్కడివక్కడే ఉన్నాయి. మున్సిపాలిటీకి ఇచ్చిన దరఖాస్తుల నకళ్లు ఫైల్లో ఉన్నాయి, చూసుకోవచ్చు. పోయినసారి మీరు చేసిన తీర్మానం ప్రకారం ఈ ఏడాది సంఘం ఎక్కువ పని చేసింది ఫోన్ మోసాల మీద, పిల్లల ఫోన్ల మీద.

అన్నిటికంటే చెప్పుకోదగ్గది అట్ల బతుకమ్మ నాటి కార్యక్రమం. ఆదివారం కూడా కలిసొచ్చింది. గుడి ముందు ఆడపడుచులు బతుకమ్మ ఆడుతుంటే పక్కనే బల్లలు వేసి మన కాలనీ డిగ్రీ పిల్లలు కూర్చున్నారు. వచ్చినవాళ్ల ఫోన్లో వాట్సాప్‌కు ఆరంకెల పిన్ పెట్టడం, తెలియని యాప్‌లు ఎక్కకుండా సెట్టింగ్ ఆపడం, పిల్లల ఫోన్ వాడకాన్ని తల్లిదండ్రులు అదుపులో పెట్టుకునే ఫ్యామిలీ లింక్ యాప్ కలపడం వాళ్ల పని. ఒక పెద్దమ్మ ఫోన్ చూపించి, "పెళ్లి పత్రిక వచ్చింది బిడ్డా, ఎంత నొక్కినా తెరుచుకుంటలేదు" అన్నది. పత్రిక పేరు చివర ఏపీకే అని ఉంది, అంటే అది యాప్ ఫైలు. పత్రిక అయితే ఫొటోనో పీడీఎఫ్‌నో అయి ఉండాలి, యాప్ ఎందుకవుతుంది? అది ఎక్కి ఉంటే ఆమెకు వచ్చే ఓటీపీలన్నీ ఎవడో చదివేవాడు. ఆ సెట్టింగ్ ముందే ఆపి ఉంది కాబట్టి పింఛన్ డబ్బులు మిగిలాయి. తర్వాత ఆమే నలుగురిని వెంటబెట్టుకొచ్చింది. బల్లలు తీసేసరికి రాత్రయింది.

పెద్దలకు వచ్చే బెదిరింపు వేరే రకం. రిటైరైన మన సభ్యుడొకరికి పోలీసు డ్రెస్సులో ఒకడు వీడియో కాల్ చేసి, నీ పేరున పార్శిల్‌లో మత్తుమందు దొరికింది, గది దాటి బయటికి రావద్దు అన్నాడు. కోడలు తలుపు తట్టి ఫోన్ లాక్కోబట్టి సరిపోయింది. ఇలా వీడియో కాల్‌లోనే అరెస్టు చేశామని బెదిరించడాన్నే డిజిటల్ అరెస్ట్ అంటున్నారు. అలాంటిది ఏ చట్టంలోనూ లేదని 2024 అక్టోబర్‌లో ప్రధానమంత్రే మన్ కీ బాత్‌లో చెప్పారు. అయినా చదువుకున్నవాళ్లే ఎక్కువ భయపడుతున్నారు, ఎందుకో మరి.

పిల్లల విషయం ఇంకా సున్నితం. ఎనిమిదో తరగతి పిల్లగాడొకడు తండ్రి యూపీఐ పిన్ చూసి నేర్చుకుని ఆటలో డబ్బులు పోగొట్టాడు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు 2017 నుంచి మన రాష్ట్రంలో నిషేధమే, లింకులు మాత్రం ఆగలేదు. ఇంట్లో కొడతారని వాడు చాలా రోజులు దాచాడు. పోయిన డబ్బు కంటే ఆ దాపరికమే నన్ను కలవరపెట్టింది. ఆడపిల్ల ఫొటో మార్చి బెదిరించిన కేసు కూడా మన దాకా వచ్చింది. ఆ తల్లిదండ్రులు పరువు పోతుందని ఆగకుండా ఫిర్యాదు చేశారు, వారిని మెచ్చుకోవాలి. ఇలాంటి ఫిర్యాదు జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పేరు చెప్పకుండా కూడా ఇవ్వవచ్చు. పద్దెనిమిదేళ్ల లోపు వారి ఫొటోలైతే టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ ఉంది. ఫొటో మన ఫోన్ దాటకుండానే, వేలిముద్ర లాంటి దాని డిజిటల్ గుర్తు మాత్రం ఆ ఫొటోను తీసేయడానికి సోషల్ మీడియా కంపెనీలకు వెళుతుంది. పిల్లలకు ఏ ఆపద వచ్చినా చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

డబ్బు పోతే మాత్రం ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, తర్వాతే బ్యాంకుకు, బంధువులకు. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు పాకకముందే ఆపగలిగితేనే ఏమైనా మిగిలేది. మన సభ్యుడొకరు బ్యాంకుకు పరుగెత్తితే "రేపు రండి" అన్నారు. ఆ రేపటికి ఖాతాలో ఏమీ లేదు.

కొన్ని బాధలు చెప్పక తప్పదు. స్వచ్ఛందంగా పని చేస్తామని పేర్లు రాసిచ్చిన వారిలో సగం మంది కార్యక్రమం రోజు ఫోన్ ఎత్తలేదు. ఫ్లెక్సీలో ఫొటో లేదని అడగడానికి మాత్రం ఎత్తారు. ముఖ్య అతిథిగా వస్తానన్న అధికారి రాలేదు, శాలువా బీరువాలోనే ఉంది. ఒక బడివారు పిల్లలతో మాట్లాడటానికి ఒక్క పీరియడ్ కూడా ఇవ్వలేదు, సిలబస్ కాలేదట.

జమాఖర్చుల పట్టిక జతపరిచాం, ఆడిటర్ సంతకం అయింది. చందా బాకీలు అలాగే ఉన్నాయి. ఎవరివో వారికి తెలుసు.

కుర్చీలకు కిరాయి తీసుకోని టెంట్ హౌస్ వారికి, కరపత్రాలు సగం ధరకే వేసిన ప్రెస్ వారికి, మంచినీళ్ల క్యాన్లు పంపిన ప్లాంటు వారికి, ఆదివారమైనా వచ్చి ఓపికగా జవాబులిచ్చిన పోలీసు సిబ్బందికి, కరెంటు ఇచ్చిన గుడి కమిటీకి, చాయ్ పెట్టిన మహిళా సంఘాల అక్కలకు, ముఖ్యంగా ఆ డిగ్రీ పిల్లలకు సంఘం తరఫున కృతజ్ఞతలు.

వచ్చే బతుకమ్మకు మళ్లీ బల్లలు వేయాలని కార్యవర్గం అనుకుంటోంది. పేర్లు ఇచ్చేవారు ఈసారి వచ్చేవారై ఉండాలని మనవి. కొత్త కార్యవర్గం ఎన్నిక భోజనాల తర్వాత ఉంటుంది, తినగానే వెళ్లిపోవద్దు.

ఇట్లు,
కార్యదర్శి