రెడింగ్‌లో మా ఇంటి కాగితాలు దగ్గరుండి చూసిపెట్టిన వాళ్ళందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. మా లీజ్‌హోల్డ్ ఫ్లాటు (నేల యజమాని వేరే, మనకి కొన్నేళ్ళ లీజు హక్కే ఉండేది) అమ్మకం, కొత్త ఇంటి కొనుగోలు ఒకే రోజున పూర్తయ్యాయి. పేచీ లేకుండా, పైసా పోకుండా రెండూ తెమిలాయంటే అది సాయం చేసినవాళ్ళ చలవే. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. కానీ వాళ్ళు చెప్పినవి మా దగ్గరే ఉండిపోకూడదని, ఇంగ్లండ్‌లో, వేల్స్‌లో ఇల్లు కొనబోయే, అమ్మబోయే మనవాళ్ళ కోసం వివరంగా రాస్తున్నాం. స్కాట్లండ్ పద్ధతి వేరు, అక్కడివాళ్ళకి ఇది వర్తించదు.

మొదటి నమస్కారం ఇంటి కాగితాలు చూసే లాయరుని, అంటే సొలిసిటర్‌ని, ఎలా ఎంచుకోవాలో చెప్పిన అన్నకి. ఆఫర్ ఖాయమైందో లేదో, ఎస్టేట్ ఏజెంట్లు "మాకు తెలిసిన సొలిసిటర్లున్నారు, వాళ్ళయితే పని తొందరగా అవుతుంది" అంటారు. అలా పంపినందుకు చాలాచోట్ల వాళ్ళకి రిఫరల్ ఫీజు ముడుతుంది. ఆ సంగతి మనకి చెప్పాల్సిన బాధ్యత వాళ్ళదే. చెప్పకపోతే మొహమాటం లేకుండా అడగాలి. వాళ్ళు చూపించినవాళ్ళనే పెట్టుకోవాలని ఎక్కడా రూలు లేదు. అన్న మాట ఒకటే: "ఫీజు ఎంత అని తర్వాత అడగండి. మా ఫైలు కూర్చుని చదివేది ఎవరు అని ముందు అడగండి."

ఆయన చెప్పినట్టే మూడు ఆఫీసులకి ఒకే ప్రశ్నలు వేశాం. ఫైలు చూసేది సొలిసిటరా, లైసెన్స్‌డ్ కన్వేయన్సరా (ఇళ్ళ అమ్మకం, కొనుగోళ్ళ చట్టపు పని చూసేవాళ్ళు), లీగల్ ఎగ్జిక్యూటివా (సొలిసిటర్ కాకపోయినా చట్టపు పనిలో అర్హత ఉన్నవాళ్ళు), లేక పని నేర్చుకుంటున్నవాళ్ళా? వాళ్ళు సెలవు మీద వెళ్తే ఎవరు చూస్తారు? మాకు అప్పిచ్చే బ్యాంకు ప్యానెల్‌లో, అంటే బ్యాంకు ఒప్పుకున్న ఆఫీసుల జాబితాలో, మీరున్నారా? ఈ మూడోది మర్చిపోతే దెబ్బ గట్టిగా తగులుతుంది. ప్యానెల్‌లో లేకపోతే బ్యాంకు తన తరఫున వేరే సొలిసిటర్‌ని పెట్టుకోవచ్చు, ఆ ఖర్చు మామూలుగా మన నెత్తినే పడుతుంది. ఇక ఫీజు దగ్గర, పైన కనబడే అంకె చూసి మురిసిపోకూడదు. లీజ్‌హోల్డ్‌కి అదనం, గిఫ్ట్ డిపాజిట్‌కి (ఇంట్లోవాళ్ళు కానుకగా ఇచ్చిన డబ్బుకి) అదనం, స్టాంప్ డ్యూటీ రిటర్న్ వేసినందుకు, బ్యాంకు ట్రాన్స్‌ఫర్‌కి, గుర్తింపు తనిఖీకి విడివిడిగా చార్జీలు. అన్నీ కలిపి కాగితం మీద ఇమ్మంటే చౌక అనుకున్నది చౌక కాకుండా పోతుంది. సొలిసిటర్ల ఆఫీసులు ఇళ్ళ లావాదేవీల ధరలు తమ వెబ్‌సైట్‌లో పెట్టాలని 2018 డిసెంబరు నుంచి నిబంధన ఉంది, ఇంట్లో కూర్చునే పోల్చి చూసుకోవచ్చు. ఆఫీసు అసలుదో కాదో సొలిసిటర్స్ రెగ్యులేషన్ అథారిటీ రిజిస్టర్‌లో, లైసెన్స్‌డ్ కన్వేయన్సర్ అయితే వాళ్ళ కౌన్సిల్ రిజిస్టర్‌లో చూడాలి. లా సొసైటీ ఇచ్చే కన్వేయన్సింగ్ క్వాలిటీ స్కీమ్ గుర్తింపు ఉంటే ఇంకా మంచిది.

రెండో నమస్కారం మా ఊళ్ళోనే ఆఫీసున్న ఆ సొలిసిటర్ గారికి, ఆమె దగ్గర పనిచేసే లీగల్ ఎగ్జిక్యూటివ్‌కి. ఊళ్ళో ఉన్నవాళ్ళని పెట్టుకుంటే ఏమిటి లాభం అని అడిగేవాళ్ళకి రెడింగే పెద్ద జవాబు. ఈ ఊరి కింద ఒకప్పుడు సుద్దరాయి తవ్విన గనులున్నాయి. 2000లో ఫీల్డ్ రోడ్ దగ్గర నేల కుంగిపోయి, ఇళ్ళు ఖాళీ చేయించాల్సి వచ్చింది. కౌన్సిల్ ఇచ్చే లోకల్ సెర్చ్‌లో రోడ్లు, ప్లానింగ్ అనుమతులు, నోటీసులు తెలుస్తాయి గానీ నేల కింది బొరియలు తెలియవు. వీధి పేరు వినగానే ఆమె నేల స్థిరత్వం రిపోర్ట్ విడిగా తెప్పించారు, సర్వేయర్‌ని కూడా ఆ కోణంలో చూడమన్నారు. థేమ్స్, కెన్నెట్ నదుల పక్కన వరద సంగతీ అంతే. రిపోర్ట్‌లో ముప్పు తక్కువ అని ఉన్నా, ఇంటికి బీమా ఏ ధరకి వస్తుందో కాంట్రాక్టులు ఇచ్చిపుచ్చుకోకముందే కనుక్కోమన్నారు. డరమ్ వైపు బొగ్గు గనులు, కార్న్‌వాల్‌లో తగరం గనులు, చెషైర్‌లో ఉప్పునీటి తవ్వకాలు, మాంచెస్టర్‌లో, బ్రిస్టల్‌లో పాత ఇళ్ళకి అంటుకుని ఉండే రెంట్‌చార్జీలు (ఇంటి యజమాని ఏటా కట్టాల్సిన పాతకాలపు రుసుము). ఏ ఊరి తిప్పలు ఆ ఊరివి. అందుకే స్థానికం అంటే మనం ఉంటున్న ఊరు అనుకోకండి, కొంటున్న ఇల్లు ఉన్న ఊరు అని అర్థం.

మేం కొన్న ఇంటికి వెనకవైపు గదులు పెంచి ఉన్నాయి. పెంచిన గదికి ప్లానింగ్ అనుమతి ఒక ఎత్తు, కట్టడం నిబంధనల ప్రకారం ఉందని చెప్పే బిల్డింగ్ రెగ్యులేషన్స్ కంప్లీషన్ సర్టిఫికెట్ ఇంకో ఎత్తు. మొదటిది చూపించి రెండోది ఉందనిపించే అమ్మకందారులుంటారు. కిటికీలు 2002 ఏప్రిల్ తర్వాత మార్చి ఉంటే ఫెన్సా (కిటికీలు బిగించేవాళ్ళ పనిని ధ్రువీకరించే పథకం) లాంటి సర్టిఫికెట్ గానీ, కౌన్సిల్ సర్టిఫికెట్ గానీ ఉండాలి. బాయిలర్‌కి, కరెంటు పనికి ఇలాగే కాగితాలుంటాయి. కాగితం దొరక్కపోతే ఇండెమ్నిటీ ఇన్సూరెన్స్ తీసుకుంటారు. ఇక్కడ చాలామంది చేజేతులా చెడగొట్టుకునే పని ఒకటుంది: ఆత్రంగా కౌన్సిల్‌కి ఫోన్ చేసి "ఈ గదికి అనుమతి ఉందా" అని అడగడం. ఒకసారి కౌన్సిల్ చెవిన పడితే ఆ పాలసీ ఇవ్వడానికి బీమా కంపెనీ మామూలుగా ఒప్పుకోదు. సొలిసిటర్‌ని అడక్కుండా ఎవరికీ ఫోన్ చేయొద్దు. పాలసీ కౌన్సిల్ చర్యల ఖర్చుకే పనికొస్తుంది, గోడ బీటలు దానితో పూడవు. గోడ సంగతి సర్వేయర్ చూడాల్సిందే.

ఫ్లాటు అమ్మకంలో ఆలస్యమంతా బిల్డింగ్ నిర్వహణ చూసే మేనేజింగ్ ఏజెంట్ల దగ్గరే ఉంటుంది. ఎల్‌పీఈ1 అనే ఫారంలో సర్వీస్ చార్జి, గ్రౌండ్ రెంట్ (నేల అద్దె), రాబోయే పెద్ద మరమ్మతులు, బీమా అన్నీ వాళ్ళే నింపాలి. దానికి వందల పౌండ్లు తీసుకుంటారు, వారాల తరబడి ఇవ్వరు. ఫ్లాటు అమ్మకానికి పెట్టిన వారంలోనే దీనికి డబ్బు కట్టించిన ఆ లీగల్ ఎగ్జిక్యూటివ్‌కి ఎంత చెప్పినా తక్కువే. బిల్డింగ్ కనీసం 11 మీటర్ల ఎత్తున్నా, కనీసం ఐదంతస్తులున్నా 2022 బిల్డింగ్ సేఫ్టీ చట్టం కింద ఇంకో రెండు కాగితాలు అడుగుతారు: మనం ఇచ్చే లీజ్‌హోల్డర్ డీడ్ ఆఫ్ సర్టిఫికెట్, ల్యాండ్‌లార్డ్ సర్టిఫికెట్. ల్యాండ్‌లార్డ్‌కి నాలుగు వారాల గడువుంది, ముందుగా అడిగితేనే ఆ గడువు కలిసొస్తుంది. లీజులో మిగిలిన కాలం 80 ఏళ్ళకి దగ్గరపడుతుంటే అమ్మకానికి పెట్టకముందే సొలిసిటర్‌తో మాట్లాడాలి.

అమ్మేవాళ్ళు ఇంటి గురించి నింపే టీఏ6 ఫారం మీద ఒక్క మాట. పక్కింటివాళ్ళతో గొడవ, నీళ్ళు రావడం, జపనీస్ నాట్‌వీడ్ అనే మొండి కలుపుమొక్క అన్నీ అందులో అడుగుతారు. తెలిసింది తెలిసినట్టు, తెలియనిది తెలియదని రాయాలి. దాచిపెడితే కొన్నవాళ్ళు తర్వాత కోర్టుకెక్కొచ్చు.

మూడో నమస్కారం డబ్బు ఎక్కడిదో చూపించే కాగితాలన్నీ ఒక ఫైల్‌గా కుట్టిపెట్టిన వదినకి, ఇండియాలో మా ఊరి ఆడిటర్ గారికి. మనవాళ్ళ ఫైళ్ళు ఎక్కువగా ఆగేది ఇక్కడే. 2017 మనీ లాండరింగ్ నిబంధనల కింద ప్రతి పెద్ద మొత్తం ఎక్కడ పుట్టి ఎలా వచ్చిందో సొలిసిటర్ చూడాలి. నాన్నగారు పంపారు అని చెప్తే సరిపోదు. ఆయన ఖాతాలో ఆ డబ్బు ఎలా చేరిందో చూపాలి: పొలం అమ్మిన రిజిస్టర్డ్ దస్తావేజు, దాని ఇంగ్లీషు అనువాదం, ఆ డబ్బు పడిన బ్యాంకు స్టేట్‌మెంట్, ఇక్కడికి పంపిన రసీదు. తిరిగి అడగను, ఇంటి మీద హక్కు కోరను అని ఆయన సంతకంతో గిఫ్ట్ లెటర్ కావాలి. విదేశం నుంచి వచ్చే గిఫ్ట్‌ని ఒప్పుకోని బ్యాంకులు కొన్ని ఉన్నాయి, అది మార్ట్‌గేజ్ అప్లికేషన్‌కి ముందే అడగాలి. ఇండియాలో ఉంటున్నవాళ్ళు లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీమ్ కింద ఒక ఆర్థిక సంవత్సరంలో రెండున్నర లక్షల డాలర్ల వరకే పంపగలరు. నలుగురు చుట్టాల ఖాతాల నుంచి కొద్దికొద్దిగా తెప్పిస్తే నలుగురి కాగితాలూ కావాలి. ఒకే ఖాతా నుంచి రావడమే మేలు.

పేర్ల సంగతి కూడా వదినే పట్టుకున్నారు. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా, బ్యాంకులో ఒక్క అక్షరంగా, జీతం స్లిప్‌లో అసలు లేకుండా ఉండటం మనకి మామూలే. ఇక్కడ ఎలక్ట్రానిక్ గుర్తింపు తనిఖీ అక్కడే ఫెయిలవుతుంది. సొలిసిటర్‌ని పెట్టుకోకముందే బ్యాంకు, మార్ట్‌గేజ్ ఆఫర్, పాస్‌పోర్ట్ మూడూ ఒకే స్పెల్లింగులోకి తెచ్చుకోవాలి. ఆఫీసు ఊళ్ళోనే ఉంటే అసలు పాస్‌పోర్ట్‌లు పట్టుకెళ్ళి చూపించి రావచ్చు. మార్ట్‌గేజ్ డీడ్ మీద కలంతో సంతకం పెట్టేటప్పుడు సాక్షి ఎదురుగా ఉండాలి, వీడియోలో చూస్తే చెల్లదు. ఆ సాక్షి కూడా అక్కడే దొరుకుతారు.

స్టాంప్ డ్యూటీ దగ్గర వదిన వేసిన లెక్క అందరికీ తెలియాలి. 4,25,000 పౌండ్ల ఇంటికి ఇంగ్లండ్‌లో 2025 ఏప్రిల్ 1 నుంచి ఉన్న రేట్ల ప్రకారం మామూలు డ్యూటీ 11,250. మొదటిసారి కొనేవాళ్ళకి 6,250. కానీ ఇండియాలో ఒక ఇల్లు ఎప్పుడైనా మన పేరు మీద ఉండి ఉంటే, అది వారసత్వంగా వచ్చినదైనా, అమ్మేసినా సరే, మొదటిసారి కొనేవాళ్ళ రాయితీ రాదు. ఆ ఇంట్లో మన వాటా ఇప్పటికీ ఉండి, దాని విలువ 40,000 పౌండ్లు, ఆపైన అయితే 5 శాతం అదనం కూడా పడి డ్యూటీ 32,500 అవుతుంది. కలిసి ఉంటున్న భార్యాభర్తల్లో ఒకరి పేరున ఉన్నా ఈ అదనం ఇద్దరికీ తగులుతుంది. వారసత్వంగా గత మూడేళ్ళలో వచ్చిన సగం, అంతకన్నా తక్కువ వాటాని మాత్రం ఈ అదనానికి లెక్కలోకి తీసుకోరు. పొలం, ఖాళీ స్థలం ఇల్లు కాదు. ఉంటున్న ఇల్లు అమ్మి ఇంకోటి కొంటే, ఇండియాలో ఇల్లున్నా ఈ అదనం లేదు. మాకు అది వర్తించింది. ఇండియాలో ఇంటి సంగతి మొదటి రోజే సొలిసిటర్‌కి చెప్పండి. రిటర్న్ వేసి డ్యూటీ కట్టడానికి కంప్లీషన్ (డబ్బు కట్టి తాళాలు తీసుకునే రోజు) తర్వాత 14 రోజులే గడువు. వేల్స్‌లో ఈ పన్నే వేరు, రేట్లూ వేరు.

చివరి ఘట్టం ఎక్స్ఛేంజ్ (సంతకాలైన కాంట్రాక్టులు ఇచ్చిపుచ్చుకోవడం), కంప్లీషన్. ఎక్స్ఛేంజ్ రోజున సాధారణంగా 10 శాతం డిపాజిట్ కడతాం. ఆ తర్వాత వెనక్కి తగ్గితే అది పోతుంది. ఇళ్ళ కాంట్రాక్టుల్లో మామూలుగా వాడే స్టాండర్డ్ కండిషన్స్ ప్రకారం ఇంటి నష్టభయం కూడా ఆ క్షణం నుంచే కొనేవాళ్ళది, కాబట్టి బిల్డింగ్ బీమా ఆ రోజే మొదలవ్వాలి, తాళాలు వచ్చాక కాదు. కంప్లీషన్ రోజున మధ్యాహ్నం 2 దాటాక డబ్బు చేరితే, ఆలస్యానికి కట్టాల్సిన పరిహారం లెక్కకి తర్వాతి పనిదినం కింద పడుతుంది. శుక్రవారం పెట్టుకుంటే శని, ఆదివారాలు కూడా అందులో కలుస్తాయి. మాకు బుధవారం పెట్టించింది ఆ లీగల్ ఎగ్జిక్యూటివే.

డబ్బు పంపే పూట పక్కనే కూర్చున్న తమ్ముడికి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. సొలిసిటర్ పేరుతో "మా బ్యాంకు ఖాతా మారింది" అని వచ్చే ఈమెయిల్ దొంగలది. ఖాతా నంబర్ మొదటి రోజు ఆఫీసులో ఇచ్చిన కాగితం మీద ఉన్నదే వాడాలి. ఈమెయిల్‌లో ఉన్న ఫోన్ నంబర్‌కి కాకుండా ఆ కాగితం మీది నంబర్‌కి ఫోన్ చేయాలి. తమ్ముడు అంకె అంకె చదివించి, ముందు ఒక్క పౌండు పంపించి, అందిందని వాళ్ళ నోటితో విన్నాకే మిగతాది పంపనిచ్చాడు.

ఇప్పుడు ల్యాండ్ రిజిస్ట్రీ నుంచి టైటిల్ రిజిస్టర్ రావాలి. అందులో పేర్ల స్పెల్లింగు, ప్లాన్ మీద ఎర్ర గీత వెనక కంచెదాకా ఉందో లేదో, పాత యజమాని మార్ట్‌గేజ్ తీసేశారో లేదో ఎలా చూడాలో సొలిసిటర్ గారు ఇప్పటికే రాసిపంపారు. అన్న ఇచ్చిన ప్రశ్నలు, వదిన చేసిన కాగితాల జాబితా మా దగ్గరున్నాయి. కావాలన్నవాళ్ళు కింద ఒక మాట రాయండి, పంపిస్తాం.